ఆకాశానికి కనిపించిన పచ్చటి చదరం

తెర మీద బొమ్మ ముక్కలు ముక్కలుగా తేటపడింది. ముందు గుట్ట కనిపించింది. తర్వాత గుట్ట కింది బండలు, ఆ తర్వాత బత్తాయిలు కాసే చీనీ తోట. దిగువ చేను దగ్గరికి వచ్చేసరికి శిరీన్ చేతిలోని టీ గ్లాసు నోటిదాకా పోకుండానే ఆగిపోయింది.

చుట్టూ నేలంతా కాలిన రొట్టె రంగు. ఆ మధ్యలో పచ్చగా ఒక మచ్చ!

ఏప్రిల్ నెల బొమ్మ అది. రాయచోటి చుట్టుపక్కల ఏప్రిల్‌లో పచ్చగా కనిపించేవి రెండే: బోరు కింద తోటలూ, అంగళ్ల ముందు వేలాడే ప్లాస్టిక్ బిందెలూ. అలాంటిది ఒక్క తడి కూడా ఎరగని దిగువ చేలో పచ్చదనం!

"అత్తా! మామా! దొరికింది!"

మిద్దె మీద గింజలు ఏరుకుంటున్న పావురాలు ఆ కేకకు ఒక్కసారి లేచిపోయాయి. లాప్‌టాప్‌ను పురిటిబిడ్డలా రెండు చేతులతో గుండెకు హత్తుకుని, శిరీన్ మెట్లు దిగిందో దూకిందో తనకే తెలియలేదు.

పోయిన వారం ఈ కోడలు మామగారికి ఇచ్చిన మాట పాఠకులు మరిచిపోయి ఉండరు. జిలాని బాషా చీనీ తోటలో రెండు బోర్లు వేస్తే రెండూ దుమ్మే కక్కాయి. మూడోది ఆఖరు అన్నాడాయన. ఇదీ ఎండితే కాపుకొచ్చిన చెట్లను కొట్టించి కట్టెల కింద తోలేస్తానని అందరి ముందూ చెప్పాడు. ఆ రెండు చోట్లూ చూపించిన, నీళ్లు చూసే పెద్ద ఈరన్నే మళ్లీ వచ్చి, అరచేతిలో పడుకోబెట్టిన టెంకాయ నిటారుగా లేచిందని చూపించి, తోట వాకిట్లో పాయింటు పెట్టిపోయాడు. రాజంపేట నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చి నెల దాటిందో లేదో, శిరీన్ అప్పుడు నోరు విప్పింది. "మామా, ఒక్క వారం ఆగండి. నేను పైనుంచి చూసి చెప్తా" అంది. పాత బావులేమైనా ఉన్నాయా అని కూడా అడిగింది. "మన భూమిలో బావి అనేదే లేదు" అని జిలాని బాషా అక్కడికక్కడే తుంచేశాడు.

ఆ మాట మీద వారం నడిచింది. ఈ పొద్దు ఫలితం వచ్చింది.

వసారాలో లాప్‌టాప్ చుట్టూ ఇల్లంతా చేరింది. జిలాని బాషా కళ్లజోడు తెచ్చుకున్నాడు. అత్త ఫిరోజా పిండి చేతులతోనే వచ్చి నిలబడింది. మామగారి తల్లి హుసేనమ్మ మాత్రం కూర్చున్న చోటినుంచే మెడ చాచింది.

"ఇది యూరప్ వాళ్ల ఉపగ్రహం మామా, సెంటినెల్ అంటారు. మన నెత్తి మీదుగా పోతా అయిదు రోజులకొక తూరి నేలను ఫొటో తీస్తుంది. కడపలో డిగ్రీ చదివేటప్పుడు ప్రాజెక్టుకు వీటినే వాడితిమి. పేరూ మెయిలూ ఇచ్చి ఖాతా తెరిస్తే చాలు, ఎవరైనా చూసుకోవచ్చు."

"ఊరికేనా?"

"ఊరికే మామా."

"మన సీమలో ఊరికే వచ్చేది ఎండ ఒగటే అనుకుంటిని" అన్నాడు జిలాని బాషా.

హుసేనమ్మకు వేరే అనుమానం వచ్చింది. "మే పాపా, పైనుంచి అంతా కనపడతాదా? నేను దొడ్లో నీళ్లు పోసుకునేది గూడా?"

"లేదు జేజీ. ఒక్కో చుక్క పది మీటర్ల చదరం. నువ్వూ, నీ మేకలూ, మేకల కొట్టమూ అన్నీ కలిస్తే ఒక్క చుక్క."

"అట్లయితే నా మర్యాద దక్కినట్లే."

జిలాని బాషా వేలితో తెర మీద నడిచాడు. ఇది రోడ్డు. ఇది తోట. ఇది మలుపు. "అంటే ఇది మన దిగువ చేను! ఇంత ఎండలో గడ్డి పచ్చగా ఉండాదంటే కింద నీళ్లు ఉండల్ల కదమ్మా?"

కాలేజీలో అయితే 'ఉండవచ్చు' అని రాసేది శిరీన్. కానీ మామగారి కళ్లజోడు వెనక మెరుపు చూశాక ఆ పొడుగు మాట నోట్లోనే కరిగిపోయింది.

"ఉండాలి మామా."

అంతే. పది నిమిషాలకు ఆయన సున్నపు డబ్బాతో దిగువ చేలో ఉన్నాడు. నేల బోడిగా, పగుళ్లు తేలి ఉంది. "ఏప్రిల్‌లో ఉన్నె గడ్డి. ఇప్పుడు మేలో మాడిపోయింటాది" అని తనకు తనే చెప్పుకుని, మధ్యలో రాయి పాతి సున్నం చల్లాడు. బోరు లారీ వాడికి ఫోన్ చేస్తే, వేరే ఊరి పని తప్పిపోయిందనీ రేపు పొద్దున్నే వస్తాననీ అన్నాడు. అదీ శుభమే అనుకున్నారు. తిరిగి వచ్చేటప్పుడు టీ అంగడి దగ్గర ఆయన ఆగాడు. మామగారి వెనకాలే నడుస్తున్న శిరీన్‌కు ఆ ఆగడమే కొంచెం భయం వేసింది. ఎందుకంటే అక్కడ బల్ల మీద పెద్ద ఈరన్న కూర్చుని ఉన్నాడు.

"ఏమప్పా జిలానీ, ఆకాశంలోనుంచి నీళ్లు కనపడినాయంట?" అన్నాడు ఈరన్న. "వాన గూడా ఆడనుంచే కదా రావల్ల. పనిలో పని దాన్ని గూడా అడగకపోతివా?"

"నీ టెంకాయ రెండు తూర్లు లేసి నిలబడె. రెండు తూర్లూ దుమ్మే లేసె. ఇంగ దాన్ని పగలగొట్టి చట్నీ చేసుకో పో."

అంగడంతా నవ్వింది. ఈరన్న తువ్వాలు దులిపి భుజం మీద వేసుకున్నాడు. "సరేలేప్పా. రేపు ఏం లేస్తాదో నేనూ వచ్చి చూస్తా."

ఇంటికి వచ్చాక శిరీన్ అద్దంలో తనను తాను చూసుకుని నవ్వుకుంది. మామగారు తన మాట మీద ఊరికి ఎదురు నిలబడ్డారు! ఫోన్ తీసి తెర మీది పెళ్లిఫొటోకు ఆ సంగతి చెప్పింది. పెళ్లయ్యాక మగపెళ్లివారిచ్చే వలీమా విందు నాటి ఫొటో అది. తనూ భర్త నవీదూ పక్కపక్కన కూర్చున్నారు. వెలుతురు ఎలా పడిందో ఏమో, ఇద్దరి మొహాలూ పసరు పూసినట్టు పచ్చగా ఉన్నాయి. ఆ ఫొటో తీసెయ్యమని ఫిరోజా పోరుతూనే ఉంది. శిరీన్ తియ్యదు. అందులో నవీద్ బిర్యానీ వంక కాకుండా తన వంక చూస్తున్నాడు మరి.

మధ్యాహ్నం మేకలు తోలుకొచ్చిన హుసేనమ్మ, చెంబుడు నీళ్లు తాగి, ఊరికే అన్నట్టుగా ఒక మాట అంది.

"అది కాదు పాపా. ఎండకాలంలో నా మేకలు ఆ దిగువ చేని పక్కకు మొహం గూడా తిప్పవే. గడ్డి ఉంటే మేకకు ఇంగొకరు చెప్పాల్నా?"

శిరీన్ నవ్వేసింది. నవ్వాక ఆ మాట ముల్లులా లోపలే ఉండిపోయింది.

మళ్లీ లాప్‌టాప్ పట్టుకుని మెట్లగది నీడలో కూర్చుంది. ఫోన్‌లో నెట్ పెట్టుకుని పచ్చమచ్చ ఉన్న బొమ్మకు ముందు వచ్చిన బొమ్మ తెరిచింది. దిగువ చేను బోడిగా ఉంది. తర్వాతి బొమ్మ తెరిచింది. అదీ బోడే. మబ్బేమో అనుకుని చూసింది. ఆకాశం అద్దంలా ఉంది. పక్కవాళ్ల చేనేమో అనుకుని రోడ్డునూ మలుపునూ మళ్లీ కొలిచి చూసుకుంది. చేను తమదే.

గడ్డి అయిదు రోజుల్లో పుట్టి అయిదు రోజుల్లో చచ్చిపోతుందా? పోనీ ఎవరైనా కోసుకుపోయారా? వేళ్లతో సహా?

మచ్చను ఇంకా దగ్గరికి లాక్కుంది. అప్పుడు గమనించింది దాని అంచులను. నాలుగు వైపులా తిన్నగా, గీత గీసినట్టు ఉన్నాయి. నీళ్లు ఎక్కడైనా మూలలు కొలుచుకుని పారుతాయా?

పొద్దున సంబరంలో చెయ్యని పని ఒకటి ఉంది. మన కంటికి కనపడని ఒక వెలుగు ఉంటుంది. బతికున్న ఆకు ఆ వెలుగును గట్టిగా వెనక్కి కొడుతుంది. ఉపగ్రహం దాన్ని పట్టుకుంటే, బొమ్మలో ఆ చోటును ఎర్రగా చూపిస్తారు. ఎంత ఎరుపో అంత ప్రాణం అని కాలేజీలో చెప్పిన మొదటి పాఠం. ఆ పాఠాన్ని పొద్దున తీసి అవతల పెట్టి, మామూలు రంగుల బొమ్మ చూసి మెట్లు దూకింది తను.

ఇప్పుడు నొక్కింది.

చీనీ తోట నిప్పుల కుంపటిలా ఎర్రబడింది. రోడ్డు పక్క చింతచెట్లు ఎర్రబడ్డాయి. దిగువ చేలోని చదరం మాత్రం బూడిద రంగులో పడి ఉంది.

పచ్చగా ఉంది, కానీ ప్రాణం లేదు. మరి అదేమిటి?

"ఏమే, మిద్దె మీద కాపురం పెట్టినావా? సంగటి సల్లారిపోతాండాది!" కిందనుంచి నవీద్ గొంతు. రాయచోటిలో సెల్‌ఫోన్ల అంగడి మూసి అన్నానికి వచ్చాడు. పైకెక్కి వచ్చేసరికి భార్య మొహం చూసి నవ్వు ఆపాడు. "ఏమైందిమే?"

"పచ్చగా ఉండాది. కానీ గడ్డి కాదు. ముందు లేదు, తర్వాత లేదు. నాలుగు మూలలు ఉండాయి. నాకు పిచ్చెక్కుతాండాది."

"పొడుపుకతా? మంచమా?"

"ఇంత పెద్ద మంచం ఎవరు ఏసినారు చేలో?"

"ఏ తారీఖు బొమ్మ ఇది?"

నెల చూసింది గానీ తారీఖు చూడలేదు. మూల చిన్న అక్షరాల్లో ఉంది. చదివింది. చదివి మళ్లీ చదివింది. నవీద్ ఆమె భుజం మీదుగా వంగి ఆ తారీఖు చూశాడు.

"శిరీన్... అది మన వలీమాకు ముందురోజు."

"అయితే?"

అతను ఆమె ఫోన్ తీసి పెళ్లిఫొటోను కళ్ల ముందు పెట్టాడు. పసరు పూసిన మొహాలు. పచ్చటి ప్లేట్లు. పచ్చటి బిర్యానీ.

"ఎండ శానా ఉండాదని పందిళ్లేసే గోపన్న మామూలు షామియానా కాకుండా పచ్చ నెట్టు కట్టె గదమే, దిగువ చేనంతా! ముందురోజు కట్టినాడు, విందు అయినంక పీక్కోనిపాయె. నువ్వు కారు దిగి నేరుగా ఇంట్లోకి పోతివి. రాత్రి ఆ నెట్టు మీద కట్టిన దీపాల కింద వచ్చి కూచుంటివి. ఆ చేను యాడిదో నీకేం తెలుసు?"

"మీకందరికీ తెలుసు కదా! ఒక్కరన్నా చెప్పకూడదా?"

"నువ్వు గడ్డి అంటివి, మేం గడ్డి అనుకుంటిమి. ఉపగ్రహం వచ్చి మా పందిరిని ఫొటో తీస్తాదని ఎవరికి కల వచ్చె?"

ఒక్క క్షణం శిరీన్‌కు అన్నీ మరిచిపోయి సంతోషం పొంగింది. తన పెళ్లి పందిరి ఆకాశానికి కనిపించింది! ఎక్కడో యూరప్ వాళ్ల దగ్గర, ప్రపంచంలో ఎవరైనా తెరిచి చూసుకునే చోట, తమ విందు ఒక పచ్చటి చదరమై భద్రంగా ఉంది! రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వింది. నవీద్ కూడా నవ్వాడు.

అంతలో కింద వాకిట్లో ఫిరోజా ఎవరితోనో అంటున్న మాట వినిపించింది. "మా కోడలు చెప్పింది లేమ్మా. రేపు నీళ్లు పడితే మొదటి బిందె నీకే."

ఇద్దరి నవ్వూ ఆగిపోయింది.

"నేను చెప్తాలే నాయనకు" అన్నాడు నవీద్.

"వద్దు. నోరు జారింది నేను. నేనే చెప్పాలి."

జిలాని బాషా తోటలో ఉన్నాడు. ఆకులు ముడుచుకున్న చీనీ చెట్ల కింద పాదులు సరిచేస్తున్నాడు, రేపు నీళ్లు వస్తే ఎటూ చెదిరిపోకుండా. నవీద్‌తో కలిసి, లాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చిన శిరీన్ ఆ పాదుల వంక చూసింది. నిలబడే చెప్పేసింది, ఎక్కడా ఆగకుండా. ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని తెలుసు.

ఆయన పారను నేలకు ఆనించాడు.

"అంటే రేపు నేను నా కొడుకు పెండ్లి పందిట్లో బోరు ఏస్తాండానన్నమాట."

శిరీన్ అవునన్నట్టు తల ఊపింది.

"పదిమందిలో ఈరన్నను చట్నీ చేసుకోమంటిని. చుట్టుపక్కల అందరికీ చెప్తిని. తప్పు యాడ జరిగెనమ్మా? ఆ ఉపగ్రహానిదా, నీ చదువుదా?"

"రెండూ సరిగ్గానే ఉండాయి మామా. తొందర నాది. పొద్దున చూడాల్సినదాన్ని మధ్యాహ్నం చూసినా."

"లారీ వద్దని చెప్దాం నాయనా" అన్నాడు నవీద్.

"వద్దంటే వాడు మళ్ల యాడ దొరుకుతాడు? అందరూ బోర్లు ఏపిస్తాండారు. వానలొచ్చే దాకా ఈ చెట్లు నిలబడవురా." ఒక ఆకు తెంపి వేళ్ల మధ్య నలిపాడు. కాగితంలా పొడిపొడిగా రాలింది. "ఈరన్న పాయింటును రెండు తూర్లు నమ్మితి. నీ పాయింటు పందిరాయె. ఇంగ యాడ ఏపియ్యల్ల? కండ్లు మూసుకోని రాయి ఇసిరి, పడినకాడ ఏపియ్యాల్నా?"

గొంతులో కోపం ఉంటే శిరీన్ ఓర్చుకునేది. లేదు. అలిసిపోయిన మనిషి నిజంగానే అడుగుతున్నాడు.

"ఇంకోటి ఉండాది మామా" అంది. అనేశాక నాలుక కరుచుకుంది. పొద్దున ఇలాగే కదా మొదలైంది! "చెప్పాలంటే భయంగా ఉండాది. ఇది ఏందో నాకు నిజంగా తెలీదు. నీళ్లు అని మాత్రం అనను."

చెట్టు నీడలో కూర్చుని లాప్‌టాప్ తెరిచింది. ఎర్రరంగు బొమ్మలో తోటకు అవతల, గుట్ట కింద బండల మధ్య, ఒక ఎర్రటి చుక్క. చూడకపోతే కనపడనంత చిన్నది.

"చదరాన్ని చూస్తాంటే ఇది కంటపడింది. ఏదో పొరపాటులే అనుకున్నా. ఈసారి మాత్రం తొందరపడలేదు. మీ దగ్గరికి వచ్చే ముందు, బొమ్మలు ఎంత వెనక్కి దొరుకుతాయో అంత వెనక్కి పోయి, ప్రతి ఏడూ ఏప్రిల్ తీసి చూసినా. ప్రతి ఏడూ ఉండాది. వానలు పడని ఏడు గూడా ఉండాది."

"పెండ్లిళ్లు ప్రతి ఏడూ జరగవు గదా" అన్నాడు నవీద్, వాతావరణం తేలికపడుతుందేమోనని.

ఎవరూ నవ్వలేదు. జిలాని బాషా ముందుకు వంగి చూశాడు. ఆయన మొహంలో ఏదో మారింది. శిరీన్‌కు అది కోపమో భయమో తెలియలేదు. ఆయన చెయ్యి చాచి లాప్‌టాప్ మూత తనే మూసేశాడు, మెల్లగా, పడుకున్న బిడ్డకు దుప్పటి కప్పినట్టు.

"ఆడ ఏమీ లేదు. బండలు."

"బండలు ఎర్రగా రావు మామా. అది ఏదో ఆకు. ఎండకాలం గూడా..."

"బండలని చెప్తి గదమ్మా!"

"తెరువు జిలానీ."

అందరూ వెనక్కి తిరిగారు. మజ్జిగ ముంత చేతిలో పట్టుకుని హుసేనమ్మ నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో, ఎంత విన్నదో. కొడుకు కదలకపోయేసరికి ముంతను గట్టున పెట్టి, మనవరాలి వరసయిన శిరీన్ పక్కన చతికిలబడి, తనే మూత లేపింది. తెర వెలిగింది. ఎర్రటి చుక్క మీద ముడతల వేలు ఆనించి చాలాసేపు అలాగే ఉంచింది.

"ఆ బావి ఊట ఇంకా బతికే ఉండాదా?" అంది. అడిగింది ఎవరినో తెలియలేదు.

శిరీన్ మామగారి వంక చూసింది. మన భూమిలో బావి అనేదే లేదు అన్న మనిషి చెట్ల వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. నవీద్ వంక చూసింది. అతని మొహంలోనూ తనకున్నంత అయోమయమే ఉంది.

"ఏ బావి జేజీ?" అన్నాడు నవీద్. "నేను పుట్టి పెరిగినా ఈడనే గదా, నేనెప్పుడూ చూడలేదే!"

"అమ్మా, గమ్మునుండు" అన్నాడు జిలాని బాషా.

"ఇన్నేండ్లూ గమ్మునే ఉంటి గదా నాయనా. నువ్వు చెప్పినావనే ఉంటి. ఇప్పుడు నేను చెప్పలేదు, ఆకాశం చెప్పింది."

ఉన్నది బావి అయితే ఎవరు మూశారు? ఊట ఉన్న బావిని, ఈ సీమలో, ఎందుకు మూస్తారు? మూసి, లేదని కొడుక్కి కూడా ఎందుకు చెప్తారు? శిరీన్ తలలో ఒక్కో ప్రశ్న వెనక ఇంకో ప్రశ్న లేస్తోంది. ఈ ప్రశ్నలకు తెర మీద నొక్కే బటనేదీ లేదు.

జిలాని బాషా తోటనంతా ఒకసారి కలియజూశాడు. రేపటి నీళ్ల కోసం తను తీసిన పాదులు వరసగా, ఖాళీగా ఉన్నాయి. ఒక చెట్టు నుంచి రాలిన పిందె ఆయన కాలి దగ్గర పడింది. వంగి తీసి జేబులో వేసుకున్నాడు.

"రేపు పొద్దున లారీ వస్తాది" అన్నాడు చివరికి. "అది వచ్చేలోపల గుట్ట కిందికి పోతాండాం. నవీద్, గడ్డపార తీసిపెట్టు. అమ్మాయ్, ఆ పెట్టె నువ్వు తెచ్చుకో, సరిగ్గా ఆ చుక్క యాడుందో నిలబడి చూపియ్యల్ల." తల్లి వైపు చూడకుండానే అన్నాడు: "నువ్వు ఇంట్లోనే ఉండు, రాగాకమ్మా."

హుసేనమ్మ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది.

"దాని మీద పరిచిన బండ ఏదో నీకు తెలుసునా? ఆ పొద్దు నువ్వు మొహం తిప్పుకోని ఏడుస్తాంటివి. ముయ్యించింది నేను." మజ్జిగ ముంతను శిరీన్ చేతిలో పెట్టింది. "రేపు నేనే ముందు నడుస్తా."